సున్నం తట్ట నుంచి యాసిడ్ సీసా వరకు
(చెమ్మ ఊళ్ళలో ఇంటి శుభ్రత కథ)

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని కార్యదర్శిగారు కోరినప్పుడు, "రాజుల చరిత్ర నాకేం తెలుసండీ, నాకు తెలిసిందల్లా గోడల చరిత్ర" అన్నాను. "అయితే అదే రాయండి" అన్నారు. నవ్వులాటకు అన్న మాట చివరికి నా నెత్తికి చుట్టుకుంది.

అయినా ఆ మాటలో అబద్ధం లేదు. ఆరోగ్యశాఖ మలేరియా విభాగంలో 1965లో చేరి, 2002లో పదవీ విరమణ చేసేవరకు నేను ఎక్కిన అరుగులకు లెక్కలేదు. తాసీల్దారుగారు వచ్చినా వీధి అరుగు దగ్గరే ఆగుతారు. మందు కొట్టేవాడు అలా కాదు. పడకగది, వంటిల్లు, ధాన్యం గది, పశువుల సాల అన్నీ చూడవలసిందే. ఆ విధంగా విశాఖ జిల్లాలో జనం ఇళ్ళను ఎలా శుభ్రం చేసుకొంటారో, ఏళ్ళు గడిచేకొద్దీ ఆ పద్ధతులు ఎలా మారాయో నా కళ్ళతో చూశాను. ఆ మార్పులో కొంత పాపం నాదీ ఉన్నది. దానినీ దాచకుండా రాస్తాను.

తడితోనే తగవు

అనంతపురం వైపు శుభ్రమంటే దుమ్ము దులపడం. మన తీరంలో శుభ్రమంటే ముందు ఆరబెట్టడం. సముద్రపు గాలిలో ఎప్పుడూ తేమే. జూన్‌లో మొదలైన వానలు వెళ్ళాయనుకొనే లోపల, అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాన్లు వస్తాయి. ఆషాఢంలో తీగ మీద వేసిన పంచె మూడు రోజులకుగాని ఆరదు. పెట్టెలో చెప్పులకు బూజు, గోడకు చెమ్మ, స్నానాల గదిలో పాచి. ఇవన్నీ మురికి వల్ల వచ్చినవి కావు, తడి వల్ల వచ్చినవి. గాలి తగలక గోడ తడి ఆరకపోతే, ఎంత కడిగిన ఇంట్లోనైనా బూజు పుడుతుంది.

మా అమ్మకు ఈ శాస్త్రమేమీ తెలియదు. కాని ఆమె పనులన్నీ దీనికి తగినట్లే ఉండేవి. భీమిలి దగ్గర పల్లెలో మాది పెంకుటిల్లు. వాన పట్టిన రోజున ఆమె నేల తడిపేది కాదు. చీపురుతో ఊడ్చి ఊరుకొనేది. ఎండ పొడచూపిన రోజునే అలుకు. అదీ ఉదయం, సాయంత్రానికి ఆరిపోయేలా. వంటింటి పొగ అటక మీదికి పోయి వాసాలను, పెంకు కింది తాటిదబ్బలను పొడిగా ఉంచేది. దీపావళి తరువాత ఎండలు కాయగానే పెట్టెల్లోని బట్టలు, పరుపులు, పుస్తకాలు పెరట్లో మంచాల మీదికి వచ్చేవి. ఎండు వేపాకు వేసి మళ్ళీ పెట్టెల్లో సర్దేది. ఇత్తడికి చింతపండు, అంట్లకు బూడిద, పట్టుబట్టకు కుంకుడు రసం. చింతపండులోని పులుపు ఇత్తడి మీది చిలుమును కరిగిస్తుందనీ, కుంకుడులోని సపోనిన్ అనే పదార్థం సబ్బులా నురగ ఇస్తుందనీ నేను తరువాత చదువుకొన్నాను.

అన్నిటికంటే పెద్ద పని సంక్రాంతి ముందు వెల్ల వేయడం. సముద్రపు గుల్లలను బట్టీలో కాల్చిన గుల్లసున్నం తట్టలతో వచ్చేది. కుండలో నీళ్ళు పోసి నానబెడితే కుతకుత ఉడికేది. "దగ్గరికి రాకండి, కళ్ళు పోతాయి" అని పిల్లలను దూరంగా తరిమేవారు. మరునాడు గుడ్డలో వడగట్టి, జిగురు కోసం తుమ్మబంక, తెల్లదనానికి చిటికెడు నీలిమందు కలిపి, కొబ్బరిపీచు కుంచెతో గోడలకు పూసేవారు.

సున్నం గొప్పతనం రెండు విధాలు. తడి సున్నానికి క్షారగుణం ఎక్కువ. అందులో బూజు బతకదు. రెండవది, అది గోడ రంధ్రాలను మూసివేయదు. వానకు గోడ పీల్చిన తడి ఎండ రాగానే సున్నం గుండా బయటికి పోతుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని నెలల మీద ఆ పూత మళ్ళీ రాయిగా మారుతుంది. అప్పుడు క్షారగుణం తగ్గుతుంది కాబట్టే ఏటా వెల్ల వేయవలసి వచ్చేది. పండుగ పేరుతో మనవాళ్ళు చేసిన ఆ పని, నా దృష్టిలో ఇంటికి ఏడాదికొకసారి వేసే టీకా.

ప్లేగు, ఫినాయిల్

ప్రభుత్వం వారు ప్రజల ఇళ్ళ గోడల మీద చెయ్యి వేయడం 1896లో బొంబాయిలో ప్లేగు వచ్చినప్పుడు గట్టిగా మొదలయింది. మరుసటి ఏడాది అంటువ్యాధుల చట్టం వచ్చింది. అధికారులు ఇళ్ళలోకి వెళ్ళి సామాను బయట వేయించి, కార్బాలిక్ ఆమ్లంతో కడిగించి, గోడలకు సున్నం కొట్టించారు. అంటే దొరల వైద్యం కూడా సగం మన సున్నం మీదే నడిచిందన్నమాట. కార్బాలిక్ ఆమ్లం మాత్రం కొత్తది. జోసెఫ్ లిస్టర్ అనే ఇంగ్లీషు సర్జన్ 1867లో దానిని గాయాలు కుళ్ళకుండా వాడి పేరు తెచ్చుకొన్నాడు. రాతిబొగ్గు తారు నుంచి వచ్చే ఆ జాతి మందులే తరువాత ఫినాయిల్ పేరుతో మన ఇళ్ళకు వచ్చాయి. ప్రఫుల్ల చంద్ర రాయ్ గారు కలకత్తాలో స్థాపించిన బెంగాల్ కెమికల్స్ వారు స్వదేశీ ఫినాయిల్ తయారుచేశారు. నీళ్ళలో పోస్తే పాలలా విరిగే ఆ ద్రవం, ఆ ఘాటు, ఆసుపత్రులతోపాటు మన ఆఫీసు వరండాలకూ గుర్తయిపోయింది. మనలో చాలామందికి ఇప్పటికీ ఫినాయిల్ వాసన వస్తేనే శుభ్రమయినట్లు. ముక్కుతో శుభ్రతను కొలిచే అలవాటు మనకు అక్కడ మొదలయిందని నా అనుమానం.

ప్లేగు చట్టం వచ్చిన ఆ 1897లోనే, ఆగస్టు 20న, మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. 1902లో నోబెల్ బహుమతి పొందాడు. నా ఉద్యోగానికి మూలపురుషుడు ఆయనే.

డి.డి.టి. కాలం

1939లో స్విట్జర్లాండు దేశపు పాల్ ముల్లర్ డి.డి.టి.కి కీటకాలను చంపే శక్తి ఉన్నదని కనుగొన్నాడు. 1948లో ఆయనకూ నోబెల్ వచ్చింది. మనకు స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏటా సుమారు ఏడున్నర కోట్ల మందికి మలేరియా, 8 లక్షల మరణాలు అని అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం వచ్చాయి. నేను చేరిన 1965 నాటికి దేశం మొత్తం మీద కేసులు లక్షకు దిగాయి. డి.డి.టి.ని ఈనాడు తిట్టేవారు ఈ అంకెను మరచిపోరాదు. చలిజ్వరంతో మంచం పట్టిన ఊళ్ళు లేచి పొలానికి వెళ్ళడం నేను చూశాను.

పది లీటర్ల నీటిలో కిలో పొడి కలపడం, గుడ్డలో వడగట్టడం, స్టిరప్ పంపుతో చదరపు మీటరుకు ఒక గ్రాము మందు పడేలా గోడ పైనుంచి కిందికి కొట్టడం, చివరికి తలుపు మీద తారీఖు ముద్ర వేయడం. ఇదీ మా పని. తరువాత ఇంటివారికి ఒక ఉత్తర్వు: "ఈ గోడలు రెండున్నర, మూడు నెలలు అలకరాదు, సున్నం వేయరాదు." ఎందుకంటే దోమ గోడ మీద వాలినప్పుడు మందు తగలాలి. దాని మీద మట్టి పూస్తే మందు మట్టిలో కలిసిపోతుంది.

కాగితం మీద ఇది చాలా సులువు. పాడేరు ఘాటు కింద ఒక ఊళ్ళో, 1967 ప్రాంతంలో అనుకొంటాను, మేము మందు కొట్టి వెళ్ళిన వారానికే ఒక ముసలమ్మ గోడలన్నీ ఎర్రమన్ను, పేడ కలిపి అలికేసింది. తనిఖీకి వెళ్ళిన నాకు ఒళ్ళు మండిపోయింది. ప్రభుత్వ సొమ్ము మట్టిపాలు చేశావని గట్టిగా కేకలు వేశాను. ఆమె చేతి మట్టి కడుక్కోకుండానే నా వైపు చూసి, "బాబూ, నువ్వు మందు కొట్టీసి ఎలిపోతావు. వానకి గోడ కరిగిపోతంటే ఎవులు చూస్తారు? నీకు దోమ బయ్యం. నాకు గోడ బయ్యం" అన్నది.

ఆ రోజున రిజిస్టరులో "నిరాకరించినారు" అని రాసి వచ్చాను. కాని ఆ మాట మనసులో ఉండిపోయింది. తడి దేశంలో మట్టి గోడను వానల ముందు అలకకపోతే అది నిలవదు. ఆమె చేసినది మూర్ఖత్వం కాదు, ఇల్లు నిలబెట్టుకోవడం. మా పైఅధికారి ఒకరితో ఈ సంగతి చెబితే, "అయితే ముందు అలకమను, ఆరాక మనం కొడదాం. తారీఖు ముందుగా చెప్పడం మన పని కదా" అన్నారు. మరుసటి ఏడాది నుంచి పది రోజుల ముందు ఆ ఊళ్ళలో దండోరా వేయించాము. ఆ ముసలమ్మ గోడ అలికి, ఆరబెట్టి, సామాను వాకిట్లో పెట్టుకొని మా కోసం ఎదురుచూసింది. ముప్పై ఏడేళ్ళ సర్వీసులో నేను నేర్చుకొన్న పెద్ద పాఠం అదే.

తరువాతి కథ మీకు తెలిసినదే. దోమ మందుకు అలవాటుపడింది. మొదట్లో నల్లులు చచ్చాయని మమ్మల్ని మెచ్చుకొన్నవారే, నల్లులు చావడం మానేశాక తలుపులు వేసుకొన్నారు. 1976లో దేశంలో కేసులు 64 లక్షలకు పెరిగాయి. మలాథియాన్ వచ్చింది, దాని కంపుకు మేమే ముక్కులు మూసుకొన్నాము. గమాక్సిన్ అని మనం పిలిచే బి.హెచ్.సి.ని 1997లో నిషేధించారు. వ్యవసాయంలో డి.డి.టి. వాడకాన్ని 1989లోనే ఆపారు. 1962లోనే అమెరికాలో రేచెల్ కార్సన్ అనే శాస్త్రవేత్త ఈ మందులు పక్షులకూ చేపలకూ చేస్తున్న హాని గురించి పుస్తకం రాసి గగ్గోలు పుట్టించిందట. ఘాటు కింద పంపు కొట్టుకొంటున్న మాకు ఆ కబురు ఎప్పటికి చేరాలి?

ఇంటి మందుల పెట్టె

ఈ లోపల ఇళ్ళు మారాయి. తాటాకు, పెంకు పోయి డాబాలు వచ్చాయి. వెల్ల పోయి డిస్టెంపరు, ఆ తరువాత ప్లాస్టిక్ ఎమల్షన్ వచ్చాయి. 1959లో సర్ఫ్, 1969లో నిర్మా వచ్చి కుంకుడును, చాకలి సోడాను పక్కకు నెట్టాయి. ఆడవారి చేతులకు చాకిరీ తగ్గిన మాట నిజం. అయితే ఒక్కొక్క గదికి ఒక్కొక్క సీసా తయారయింది. పాయిఖానాకు యాసిడ్, నేలకు ఫినాయిల్, పాచికి బ్లీచింగ్, బీరువాకు కలరా ఉండలు.

నాపరాయి నేల మీద యాసిడ్ పోస్తే బుసబుసమని నురగ వచ్చేది. "చూశారా, మురికి ఎలా పోతున్నదో" అనుకొనేవాళ్ళం. నాపరాయి సున్నపురాయి జాతి. ఆ నురగ మురికిది కాదు, కరిగిపోతున్న రాయిది. నేల గరుకుబారి మరింత మురికి పట్టేది. దానికి మరింత యాసిడ్ పోసేవాళ్ళం.

బ్లీచింగ్ పౌడరు విషయం వేరు. అదంటే నాకు భక్తి. 1799లో గ్లాస్గోలో చార్లెస్ టెనెంట్ దానికి పేటెంట్ పొందాడు. బట్టలు తెల్లబరచడానికి సున్నంలోకి క్లోరిన్ వాయువు ఎక్కించి చేసిన పొడి అది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు నేను డ్యూటీ మీద వెళ్ళాను. ఆ బావులలో బస్తాల కొద్దీ బ్లీచింగ్ వేశాము. అక్కడి దృశ్యాలు ఇక్కడ రాయను. ఆ పొడి లేకపోతే మిగిలినవారినీ కలరా తీసుకుపోయేదని మాత్రం నమ్ముతాను.

ఇక నా తప్పు. 2009 ఆగస్టులో, విశాఖలో మా అపార్టుమెంటులో, వారం రోజుల ముసురు. స్నానాల గదిలో పాచి పట్టి మా ఆవిడ ఒకసారి జారింది. నేను బ్లీచింగ్ చల్లాను. అరగంట చూశాను. పాచి పూర్తిగా పోలేదు. యాసిడ్ సీసా తెచ్చి ఆమె చేతికిచ్చి, "ఇది కూడా పోసి రుద్దు" అన్నాను. వాన జల్లు కొడుతున్నదని కిటికీ మూసింది కూడా నేనే.

రెండు నిమిషాలలో ఆమె దగ్గు వినిపించింది. పసుపుపచ్చ పొగ, గొంతు కోసే వాసన. లోపలికి వెళ్ళి ఆమెను లాక్కు వచ్చేసరికి నాకే ఊపిరి ఆడలేదు. బ్లీచింగ్‌లో దాగి ఉన్న క్లోరిన్‌ను యాసిడ్ బయటికి తెస్తుంది. 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్లు సైనికుల మీదికి వదిలిన వాయువు అదే. ఆసుపత్రిలో డాక్టరుగారు ఆక్సిజన్ పెట్టించి, "ఏమేం కలిపారు?" అని అడిగారు. చెప్పాను. "మీరు ఏం ఉద్యోగం చేసేవారండీ?" అన్నారు. నాకు వెంటనే నోట మాట రాలేదు.

నాలుగు రోజులకు ఇంటికి వచ్చాము. ఇప్పటికీ వానాకాలం వస్తే ఆమె దిండు కింద ఇన్‌హేలరు ఉండవలసిందే. ఊళ్ళకు ఊళ్ళు బ్లీచింగ్ ఎలా వాడాలో నేర్పినవాడిని, నా ఇంట్లో ఈ పని చేశాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. "ఏమండీ, ఆ సీసాలన్నీ బయట పెట్టేయండి. అత్తయ్యగారు ఎలా చేసేవారో అలాగే చేసుకొందాం" అన్నది.

అమ్మ పద్ధతికి తిరిగి వచ్చాం

అలాగే చేయడానికి మాకు పెరడు లేదు, పెంకులు లేవు. కాని సూత్రం ఒకటే కదా: ముందు ఆరబెట్టు. వాన రోజున నేల తడిపి తుడవడం మానేశాము. ఊడ్చి, పిండిన గుడ్డతో ఒకసారి తుడిచి, ఫ్యాను వేస్తాము. స్నానం కాగానే గోడల మీది నీళ్ళు రబ్బరు పట్టీతో లాగేస్తాము. పాచికి ఇంతకు మించిన మందు లేదు. మిగిలిన పాచిని తినే సోడా చల్లి గట్టి బ్రష్‌తో రుద్దుతాము. బీరువాలను గోడకు నాలుగు వేళ్ళ దూరం జరిపాము. నేలకు కుంకుడు నీళ్ళు, ఇత్తడికి చింతపండు. పాలరాయి, నాపరాయి మీద పులుపేదీ పోయము. ఎండ వచ్చిన రోజున బాల్కనీ అంతా పరుపులు, దిళ్ళే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. కిటికీ అద్దాలు పగిలి వెనుక గది నిండా నీళ్ళు. రోజుల తరబడి కరెంటు లేదు. వారం తిరిగేసరికి గోడల మీద ఎమల్షన్ పెయింటు బుడగలు లేచి, దాని కింద నల్లటి బూజు. తుడిస్తే పోయేది, పది రోజులకు మళ్ళీ వచ్చేది. మందు పైనే ఉంటుంది. తడి మాత్రం పెయింటు వెనుక భద్రంగా ఉంటుంది. వృద్ధుడైన ఒక మేస్త్రిగారు వచ్చి గోడను తట్టి చూసి, "ముందు పైనుంచి కారే చోటు కట్టించండి బాబూ. తరవాత ఈ ప్లాస్టిక్ అంతా గోకేసి, గోడ ఆరనిచ్చి సున్నం వేద్దాం" అన్నారు. అలాగే చేశాము. బజారులో సున్నం దొరకడానికే రెండు రోజులు తిరిగాను. చేతికి తొడుగు, కంటికి అద్దాలు పెట్టుకొమ్మని మేస్త్రిగారికి చెబితే నవ్వారు, అయినా పెట్టించాను. ఆ మరుసటి వానాకాలం ఆ గదిలో బూజు రాలేదు. మా ఆవిడ ఇప్పుడు ఆ గదిలోనే పడుకొంటున్నది.

మనవి

పాతదంతా మంచిదని చెప్పడానికి ఈ వ్యాసం రాయలేదు. పేడ పవిత్రమని పసిబిడ్డ బొడ్డుకు పూసి ధనుర్వాతంతో బిడ్డను పోగొట్టుకొన్న తల్లులను నా ఉద్యోగంలో చూశాను. ఇంట్లో సాంబ్రాణి పొగ కూడా మేము మానేశాము; ఆయాసం ఉన్నవారికి ఏ పొగైనా పొగే. అలాగే కొత్తదంతా చెడ్డదనీ అనను. బావిలో బ్లీచింగ్, మలేరియా ఊళ్ళో మందు, అవసరమైన చోట, అవసరమైనంత వాడితే ప్రాణాలు నిలబెట్టాయి. తడి వల్ల వచ్చిన జబ్బుకు విషంతో వైద్యం చేయబోవడమే మనం చేసిన పొరపాటు.

మనలో చాలామందిమి ఇప్పుడు ఇంట్లో ఇద్దరమే ఉంటున్నాము. కిటికీలు మూసుకొని ఒంటరిగా స్నానాల గది కడుక్కొనే వయసు మనది. కాబట్టి సోదర పెన్షనర్లకు నా మనవి ఒక్కటే. ఈ సంచిక చదవడం కాగానే లేచి వెళ్ళి మీ ఇంట్లో బ్లీచింగ్, యాసిడ్ ఒకే అలమరలో ఉన్నాయేమో చూడండి. ఉంటే ఈరోజే వేరు చేయండి. వీలైతే యాసిడ్ కొనడమే మానేయండి. తరువాత ఆ కిటికీ కాస్త తెరవండి.

శెలవు.